పోన్లే, దాంట్లో ఎంతొస్తుందని!

మొన్న ఆఫీసులో లంచ్ టైంలో మా టీములోకి కొత్తగా వచ్చినాయన "మీ మిసెస్ ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పక్కనున్నాయన అందుకుని, "ఇంట్లోనే ఉంటారు. టెర్రకోట కమ్మలవీ చేస్తుంటారు, టైంపాస్‌కి" అన్నాడు. నేను సరిదిద్దలేదు. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆ మాట ఆయన సొంతంగా అన్నది కాదు మరి, ఏడాది కిందట నా నోట్లోంచి విన్నదే.

అంచేత ఇది ఎవర్నో తిట్టడానికి రాస్తున్నది కాదు. నన్నూ, నాలాంటి ఇంకో లక్షమందినీ కలిపి తిట్టడానికి రాస్తున్నది :)

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. గంటల లెక్క మనకి ఒకరు నేర్పక్కర్లేదు. క్లయింటు ఒక బటన్ రంగు మార్చమన్నా ఎస్టిమేట్ ఇస్తాం. డిజైనుకి ఇన్ని, కోడింగుకి ఇన్ని, టెస్టింగుకి ఇన్ని, ఎందుకైనా మంచిదని పైన ఇరవై శాతం బఫర్. శుక్రవారం టైంషీట్ నింపకపోతే సోమవారం మెయిలొస్తుంది. ఇంత లెక్క తెలిసినవాడు ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద మట్టి పిసుకుతున్న మనిషిని చూసి "జత 350 అంటే మంచి మార్జినే! మట్టికెంతవుతుందని?" అంటాడు. అన్నాను.

సరే, ఆ 350 సంగతి చూద్దాం. మట్టిని జల్లించి, నానబెట్టి, గాలి బుడగ అన్నది లేకుండా పిసకాలి. బుడగ మిగిలిందా, కాల్చేటప్పుడు పగుల్తుంది. చేసినవాటిని నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే తొందరగా ఆరతాయి కదా అని నాలాంటి మేధావి సలహా ఇస్తే, పైన ఆరిపోయి లోపల తడి అలాగే ఉండి బీటలు తీస్తాయి (ఒక ట్రే మొత్తం పోయింది, నా ఖాతాలోనే). ఆ తర్వాత కాల్చడం. మొదట్లో టెర్రస్ మీద ఊక, పిడకలు పెట్టి కాల్చేది. అపార్ట్‌మెంటు వాళ్ళు గొడవ చేశారు. వాళ్ళ తప్పేం లేదు, ఆరేసిన బట్టలన్నీ పొగ వాసనే. ఇప్పుడు ఊరి చివర ఒక కుమ్మరాయన ఆవంలో, ఆయన కుండల మధ్య పెట్టిస్తోంది. పదింటికి ఒకటి పోతుంది, వానాకాలంలో రెండు. ఆపైన రంగు, కొక్కేలు, దారం, ఫొటోలు, ప్యాకింగు, రాత్రి పదకొండింటికి "ప్రైస్ ప్లీజ్" అనేవాళ్ళకి జవాబులు.

ఒక ఆదివారం కూచుని లెక్కేశాం. ఒక జత బుట్టకమ్మలకి అన్నీ కలిపి రెండున్నర గంటలు. సరుకూ ప్యాకింగూ పోను మిగిలేది 250. అంటే గంటకి వంద రూపాయలు, అందులో మళ్ళీ పగిలినవాటి వాటా తీసెయ్యాలి. ఆరేళ్ళు టెస్టింగులో చేసిన మనిషి గంట ఖరీదు అది. దానిమీద కూడా పై ఫ్లోరావిడ "ఫైనల్‌గా ఎంతకిస్తావమ్మా?" అంటుంది. మాల్‌లో ప్లాస్టిక్ గాజులు కొనేటప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాదో!

ఇంకో రకం వాళ్ళున్నారు, సలహాదారులు. "స్కేల్ చెయ్యాలండీ, ఆన్‌లైన్లో పెట్టండి." స్కేల్ అయిన నగలు కావాలంటే బందరు దగ్గర చిలకలపూడి ఉంది కదా బాబూ, రోల్డుగోల్డుకి పేరుపడ్డ చోటు. అది ఊరు ఊరంతా బతికే పరిశ్రమ. ఇది ఒక మనిషి, రెండు చేతులు, ఒక డైనింగ్ టేబుల్. అదీ పిల్లల హోంవర్క్ అయ్యాకే ఖాళీ. ఇక ఆన్‌లైన్ అంటారా, 2017లో జీఎస్టీ వచ్చాక ఈ-కామర్స్ సైట్లలో సరుకు అమ్మాలంటే నెలకి పది జతలు అమ్మేవాళ్ళయినా రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలో అమ్ముకునే చిన్నవాళ్ళకి సడలించారు. ఈ ముక్క ఏ సలహాదారుడూ చెప్పలేదు, ఆవిడే చదువుకుని తెలుసుకుంది.

"ఎకో ఫ్రెండ్లీ" అన్నమాట దగ్గర కూడా ఆవిడ నాకంటే నిజాయితీపరురాలు. అట్ట మీద పెద్దక్షరాల్లో వేసుకో, అమ్ముడుపోతాయి అన్నాన్నేను. "మట్టి సరే, మీద పూసే యాక్రిలిక్ రంగు ప్లాస్టిక్కే కదండీ" అంది. నిజమే. ఏటికొప్పాక వాళ్ళు లక్కలో పసుపూ, నీలిమందూ, జాఫ్రా గింజల రంగూ కలిపి అంకుడు కర్ర మీద పట్టిస్తారు. అది వేరే విద్య. తను సగం డిజైన్లకి రంగు మానేసి, కాలిన మట్టి ఎరుపూ నలుపూతోనే ఉంచేసింది. అమ్మకాలు తగ్గాయి. ఉత్తుత్తి పర్యావరణ ప్రకటనల మీద 2024లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది గానీ, ఆవిడ రంగు మానేసింది అంతకు ముందే.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. పోయినేడు ఒక ఓణీల ఫంక్షన్‌కి రిటర్న్ గిఫ్టులుగా నలభై జతలు ఆర్డరొచ్చింది. అంత పెద్దది అదే మొదలు. ఇచ్చే గడువుకి వారం ముందు మా పాపకి జ్వరం. మూడు రోజులు దిగలేదు. నాకా వారం రిలీజు. నేను చెవిలో హెడ్‌సెట్ పెట్టుకుని తలుపేసుకున్నాను. ఆవిడ పాప పక్కనే ఉంది. ఆర్డరు పోయింది, అడ్వాన్సు తిరిగిచ్చేసింది. ఆ రాత్రి ఓదార్పనుకుని నేనన్న మాట, "పోన్లే, దాంట్లో ఎంతొస్తుందని!"

ఏమీ అన్లేదు. మట్టి డబ్బా మూతపెట్టి బాల్కనీలో పెట్టింది. రెండు నెలలు తియ్యలేదు. తర్వాతెప్పుడో మామూలుగా అంది, "మీ బగ్గుకి ఎంతొస్తుందని నేనెప్పుడైనా అడిగానా?"

ఆడవాళ్ళ పేజీల్లో రాస్తుంటారు చూడండి, ఇల్లూ పిల్లలూ వ్యాపారమూ చక్కగా బ్యాలెన్స్ చేస్తున్న ఆదర్శ వనిత అని. ఆ బ్యాలెన్స్‌లో రెండో పళ్ళెం ఎవరిదని అడిగిన విలేకరి నాకింతవరకూ కనపళ్ళేదు. 2019 జాతీయ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 97. 2024లో మళ్ళీ లెక్కేస్తే 289, 88. అంటే మనం ఇంకో తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నాం. అదీ అసలు చేసేవాళ్ళ సగటే, చెయ్యనివాళ్ళు ఈ లెక్కలోకే రారు!

"ఆవిడ ఇష్టపడే కదా ఉద్యోగం మానేసింది" అంటారు. నేనూ అందరికీ అలాగే చెప్పాను. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, బాగుంది. 27వ వారం నుంచి? డేకేర్ ఆరున్నరకి మూసేస్తారు, ఇద్దరికీ కాల్స్ రాత్రి తొమ్మిదికి. ఇద్దర్లో ఒకరు మానాలి. ఎవరు మానాలన్నది మేం చర్చించుకున్నట్టు నాకు గుర్తులేదు. చర్చే లేనిచోట ఇష్టమెక్కడిది?

ఇప్పుడు శనివారం, మంగళవారం సాయంత్రాలు నావి. ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలూ, వంటా. క్యాలెండర్లో బ్లాక్ చేశాను, మేనేజర్ అడిగితే "పర్సనల్" అన్నాను. (ఇది గొప్ప కాదు. వారానికి ఆరు గంటలు, అంతే.) జత ధర 550 చేసింది. పై ఫ్లోరావిడ నిన్న మళ్ళీ వచ్చింది. "ఫైనల్‌గా ఎంతకిస్తావమ్మా?"

"550 ఆంటీ."

ఒక జత తీసుకెళ్ళింది.