ఆకాశపు ఎండ - అంగడి ధర

గత వేసవిలో పద్యపాఠం నడుస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన ఆ క్షణాన ఒక బి.యస్సీ. విద్యార్థి లేచి, "మాష్టారూ, అంతరిక్షంలో సూర్యుడు అస్తమించడట గదా, అక్కడినుండి కరెంటు తెచ్చుకోరాదా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మేము నవ్వలేదు. తెలుగు చెప్పుకొనేవారికి ఈ గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. కాని ఆ ప్రశ్న వేసినవారిలో అబ్దుల్ కలాం గారు కూడ ఉన్నారు. 2010 నవంబరులో ఆయన అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి అంతరిక్ష సౌరవిద్యుత్తు కొరకు ఒక ఉమ్మడి ప్రయత్నాన్ని ప్రకటించారు.

కలాం గారి పేరు చెప్పి ఏ మాట అన్నా మన సభలలో చప్పట్లు మోగుతాయి. అయితే మన కళాశాల కమిటీవారు మేడమీద సౌరపలకలు వేయడమా, మరికొంత కాలం ఆగి చూడడమా అని తర్జనభర్జన పడుతున్న ఈ సమయంలో, చప్పట్లతో పాటు లెక్క కూడ అవసరమని మా అభిప్రాయం.

ఈ ఊహ కొత్తది కాదు. 1968లో పీటర్ గ్లేసర్ అనే ఇంజనీరు దీనిని ప్రతిపాదించాడు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున సౌరపలకలను నిలిపి, అక్కడ పుట్టిన విద్యుత్తును మైక్రోవేవ్ తరంగాలుగా మార్చి క్రిందికి పంపితే, నేలమీద పరచిన యాంటెన్నాలు దానిని మరల విద్యుత్తుగా మారుస్తాయి. ఇది ఒట్టి కల కాదు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ వద్ద ఒక మైలు దూరానికి, తీగ లేకుండా, 30 కిలోవాట్లకు పైగా అందించి చూపారు. 2023లో కాల్‌టెక్ వారు కక్ష్యలోనే ఒక చిన్న ప్రయోగం చేసి జయించారు.

లాభం ఎంత? అంతరిక్షంలో ఒక చదరపు మీటరుపై రోజుకు దాదాపు 32 యూనిట్ల ఎండశక్తి పడుతుంది. మన ఆంధ్రదేశపు నేలపై సగటున అయిదు యూనిట్లు పడుతుంది. అంటే ఆరు రెట్లు! ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కాని తరంగాలుగా మార్చి, పంపి, పట్టి, మరల మార్చేసరికి పైన తయారైన విద్యుత్తులో సగానికి మించి చేతికి రావడం కష్టం. ఆరు రెట్లు మూడు రెట్లవుతుంది. ఆ మూడు రెట్ల కొరకు పలకను ఆకాశానికి మోయాలి.

మోత సంగతి చూడండి. 2024 జనవరిలో నాసావారు ప్రచురించిన నివేదికలో, 2,000 మెగావాట్ల ఉపగ్రహం ఒక నమూనాలో సుమారు 5,900 టన్నులు తూగింది. మన శ్రీహరికోట నుండి ఎగిరే ఎల్.వి.ఎం.-3 రాకెట్టు పై కక్ష్యల మార్గంలోకి ఒకసారికి నాలుగు టన్నుల పైచిలుకు మోస్తుంది. పద్నాలుగు వందల సార్లు ఎగిరినా పని పూర్తికాదు. అందుకే ఆ నివేదిక యూనిట్ ధరను 61 సెంట్ల నుండి 159 సెంట్ల వరకు కట్టింది. అప్పటి మారకపు రేటున మన లెక్కలో సుమారు 50 రూపాయల నుండి 130 రూపాయలు. 2017 ఏప్రిల్‌లో కడప సౌరపార్కు వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలకు పలికింది. ప్రయోగఖర్చు తగ్గి, పలకల మన్నిక పెరిగి, అన్నీ కలిసివస్తే పోటీ సాధ్యమేనని కూడ నాసావారు అన్నారు. నిజమే. "అన్నీ కలిసివస్తే" అన్న మాటకు గోదావరివాళ్లం బాగా అలవాటుపడినవాళ్లం.

2002లో మన సముద్రగర్భంలో గ్యాసు కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో అది పైకి వచ్చింది. రాజమండ్రి పొరుగున వేమగిరిలో 768 మెగావాట్ల కేంద్రం లేచింది. కొద్ది ఏండ్లకే గ్యాసు దిగుబడి పడిపోయింది, కట్టిన కేంద్రం చల్లగా నిలబడిపోయింది. ఇంటిముంగిట దొరికిన ఇంధనమే అంత మాట తప్పినప్పుడు, 36,000 కిలోమీటర్ల దూరపు ఇంధనాన్ని నమ్మి నేటి పని ఆపడం వివేకమా?

రాత్రి మాటేమిటని విద్యార్థి మరల అడిగాడు. మంచి ప్రశ్న. దీపం కావలసింది సూర్యుడు అస్తమించిన తరువాతనే గదా! దానికి జవాబు మన నీటిలోనే ఉన్నది. మోతుగూడెం వద్ద దిగువ సీలేరులో 460 మెగావాట్లు పుట్టించిన నీరే శబరి మీదుగా గోదావరిలో కలిసి, ధవళేశ్వరం దాటి మన దాళ్వా పైరును కాపాడుతున్నది. 1852లో ఆనకట్ట ముగించిన కాటన్ దొర ఈ రెండో ప్రయోజనం ఊహించి ఉండడు. పాణ్యం సమీపాన పిన్నాపురంలో పగటి విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి వదిలి 1,680 మెగావాట్లు తీసే కేంద్రం నిర్మించారు. ఆకాశంనుండి తెచ్చే రాత్రి విద్యుత్తు ముందుగా ఈ నీటితో పోటీపడి గెలవవలసి ఉన్నది.

స్థలం సంగతి ఒకటి. 1970ల అమెరికా నమూనాలో 5,000 మెగావాట్లకు నేలమీది యాంటెన్నా పది, పదమూడు కిలోమీటర్ల అండాకారం, అంటే పాతికవేల ఎకరాలు. కోనసీమలో ఏ రైతు కొబ్బరితోటను అడగగలం?

అయినను ఇది వ్యర్థమని మేము అనము. ఖరీదు చూడని చోట్లు కొన్ని ఉన్నాయి. దూరపు దీవులు, సరిహద్దు శిబిరాలు, తుపాను దెబ్బతిన్న ఊళ్లు. 1996 నవంబరు తుపానులో స్తంభాలు నేలకొరిగి కోనసీమ రోజుల తరబడి చీకటిలో ఉన్నప్పుడు యూనిట్ ధర ఎవరడిగి ఉండేవారు? మొదటి గిరాకీ అక్కడే పుడుతుందని మా అంచనా. గ్రామాల పంపుసెట్లకు కాదు. ఆ శాస్త్రం చదవవలసినవారు మాత్రం ఇప్పుడే చదవాలి. 1980 జూలైలో ఎస్.ఎల్.వి.-3 నలభై కిలోలలోపు ఉపగ్రహాన్ని మోసినప్పుడు కూడ నవ్వినవారు ఉండే ఉంటారు. మన విద్యార్థికి భౌతికశాస్త్రంలో ఎం.యస్సీ. సీటు కొరకు సిద్ధం కమ్మని చెప్పాము.

కమిటీ పెద్దలకు మా మనవి వేరు. పలకలు ఈ సంవత్సరమే వేయించండి. మేడమీద దక్షిణపు వైపు రెండు కొబ్బరిచెట్ల నీడ మధ్యాహ్నం దాకా పడుతున్నది. వాటి విషయం తమరే తేల్చవలసి ఉన్నది.