ఇంటి పటములును ప్రోగ్రాము విద్యయు

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి.నగరు వఱకు మెట్రో రైలులో పోవువారు కిటికీలోనుండి చూచినయెడల, వీధికి ఇరుప్రక్కల శిక్షణాలయముల పలకలు వరుసగా కానవచ్చును. జావా, పైథాను, డేటా సైన్సు మొదలగు పేర్లు వానిమీద పెద్ద యక్షరములతో వ్రాయబడియుండును. జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇఱుకు గదులలో నివసించుచు, తల్లిదండ్రులు కష్టపడి కూడబెట్టిన ధనము చెల్లించి, ఉద్యోగము కొఱకు ఈ విద్యల నభ్యసించుచున్నారు. ఇది నిందింపదగిన పని కాదు. ఆకలికి తోడ్పడని విద్యను ఎవరును పొగడరు.

అయినను మేము ఒక ప్రశ్న వేయ సాహసించుచున్నాము. ఇంత విద్య నేర్చుచున్న మన పేటలలో, ఒక తల్లి ఫోను తెఱమీద “స్థలము చాలదు” అను మాట కనబడినప్పుడు ఆమెకు తోడ్పడువారెవరు? ఆమె ఆ ఫోనును పట్టుకొని వీధిచివరి దుకాణమునకు పోవలసివచ్చుచున్నది. అచ్చటివాడు ఏవో నాలుగు మీటలు నొక్కి స్థలము చేసి యిచ్చును. ఆ స్థలములో నిన్నటివఱకు ఏమి యుండెనో ఆమెకు తెలియదు, అతనికి అక్కఱలేదు. మా యభిప్రాయమేమనగా, ప్రోగ్రాము వ్రాయ నేర్చుకొను బాలుడు గాని బాలిక గాని మొట్టమొదట తన యింటి ఛాయాచిత్రములను చక్కబెట్టుటకు ఆ విద్యను వినియోగింపవలెను. బడులును దీనినే తొలి యభ్యాసముగా నియ్యవలెను.

ఇది చిన్న సంగతి యని తలంపరాదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన మహావర్షము ఈ ప్రాంతమువా రెవరును మఱవలేదు. సరూర్‌నగరు చెఱువు పొంగి దిగువ కాలనీలలో ఇండ్లలోనికి నీరు ప్రవేశించెను. మంచములు, బియ్యము, పుస్తకములు, కంప్యూటర్లు నీట నానిపోయెను. బియ్యము మరల కొనవచ్చును. మంచము మరల చేయించుకొనవచ్చును. పెండ్లినాటి ఆల్బము, గతించిన తండ్రి ముఖము గల ఒకే ఒక పటము ఏ యంగడిలోను దొరకవు. వరద తీసిన తరువాత తడిసిన పటములను ఎండలో నారబెట్టుకొన్న కుటుంబములు మన విద్యార్థుల కుటుంబములే.

దీనికి ప్రతిగా మఱియొక సంగతి చెప్పుదుము. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున రాజా దీనదయాళు అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు సికింద్రాబాదులో స్టూడియో నడపెను. ఆయన 1905లో గతించెను. ఆయన స్టూడియోకు చెందిన గాజుపలకలు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా నున్నవి. గాజు గట్టిది గనుక అవి నిలిచినవా? గాజుకంటె సులభముగా పగులు వస్తువేది? ఎవరో వానిని వరుసగా నుంచిరి, కాపాడిరి, అందువలన నిలిచినవి. పటము నిలుచుట కాపాడు చేతిని బట్టి యుండునుగాని, వస్తువు గట్టితనమును బట్టి యుండదు.

1975లో అమెరికాలోని కొడాకు సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు చేసిన తొలి డిజిటలు కెమెరా ఒక పటమును టేపుమీద వ్రాయుటకు 23 సెకనులు పట్టెను. నేడు మన యిండ్లలో ఒక్క పుట్టినరోజు పండుగకు అంతకాలములో ఇరువది పటములు తీయుచున్నాము. మన తాతలకు పటములు పది. ఆ పదియు పెట్టెలో దొరకెడివి. మనకు పదివేలు, కావలసినది ఒక్కటియు దొరకుట లేదు.

ఇట్లు బోధించుచున్న మేము పండితులము కాము. మేము చేసిన తప్పును దాచక చెప్పుదుము. గత వేసవిలో మా యింటి ఫోనులలోను, పాత కెమెరా కార్డులలోను నున్న 3,412 పటములను ఒక లినక్సు కంప్యూటరులో చేర్చితిమి. ఫోనులలో స్థలము కావలెనని, చేర్చినవానిలో పెక్కింటిని అక్కడ చెఱిపివేసితిమి కూడ. పిమ్మట ప్రతి పటమునకు తీసిన తేదియు, గంటయు, నిమిషమును పేరుగా పెట్టునట్లు పైథాను భాషలో ఇరువది పంక్తుల ప్రోగ్రాము వ్రాసి నడిపితిమి. అది రెప్పపాటులో ముగిసెను. మేము గర్వించితిమి. సాయంకాలము లెక్కింపగా 3,187 పటములు మాత్రమే మిగిలియుండెను.

తక్కిన 225 ఏమైనవి? ఒకే నిమిషములో తీసిన రెండు మూడు పటములకు ఒకే పేరు వచ్చినది. లినక్సులో ఒక ఫైలునకు ముందే యున్న మఱియొక ఫైలు పేరు పెట్టినయెడల, ఆ ముందున్నది హెచ్చరిక లేకయే తుడిచిపెట్టబడును. అదే పని విండోసులో చేసినచో, ఆ పేరు ముందే కలదని పైథాను ఆగిపోవును. మాకు ఈ భేదము తెలియదు. కార్డులనుండియు, బంధువుల ఫోనులనుండియు 206 పటములను తిరిగి సంపాదించితిమి. 19 దొరకలేదు. వానిలో మా నాయనమ్మ కడపటి సంక్రాంతినాడు ముగ్గు వేయుచుండగా తీసిన పటము ఒకటి. యంత్రము తప్పు చేయలేదు. మేము చెప్పినట్లే చేసెను. తొందరపాటు మాది.

ఈ నష్టమునుండి నేర్చుకొన్న సంగతులను చదువరుల ముందుంచుచున్నాము.

మొదటిది: అసలు పటములమీద ఎన్నడును ప్రోగ్రాము నడుపరాదు. వానికి నకలు తీసి, ఆ నకలుమీదనే పని చేయవలెను. పనికి ముందు ఎన్ని ఫైలులున్నవో, పిదప ఎన్ని యున్నవో ప్రోగ్రామే లెక్కించి చూపవలెను. లెక్క కుదరనిచో అచ్చటనే ఆగవలెను. తొలిసారి నడుపునప్పుడు పేర్లు మార్చక, “దీనిని ఇట్లు మార్చెదను” అని తెఱమీద చూపునట్లు మాత్రమే వ్రాయవలెను. దర్జీ గుడ్డను కత్తిరించుటకు ముందు సుద్దతో గీత గీయును గదా!

రెండవది: పేరు పెట్టుటలో సంవత్సరము ముందు, నెల పిమ్మట, తేదీ కడపట నుంచవలెను. మనము వాడుకలో తేదీని ముందు వ్రాయుదుము. అట్లు వ్రాసిన ఫైలులను కంప్యూటరు వరుసపెట్టునప్పుడు అన్ని నెలల ఒకటవ తేదీలును ఒకచోట చేరును. సంవత్సరము ముందున్నచో అక్షరక్రమమే కాలక్రమమగును. నాలుగంకెల సంవత్సరము, రెండంకెల నెల, రెండంకెల తేదీ అను ఈ పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 1988లో 8601వ సంఖ్యగల ప్రమాణముగా ప్రకటించెను. తేదీకి గంట, నిమిషము, సెకను చేర్చి, ఆపైన ఒక వరుస సంఖ్యను కూడ తగిలింపవలెను. ఆ పేరు ముందే కలదేమో చూచిన తరువాతనే మార్పు చేయవలెను. కెమెరా పెట్టిన పేర్లను నమ్మరాదు. ఏలయన పెక్కు కెమెరాలలో సంఖ్య 9999 వఱకు పోయి మరల 0001 నుండి మొదలగును.

మూడవది: తీసిన తేదీని ఎచ్చట చూడవలెనో తెలిసికొనవలెను. కెమెరా ప్రతి పటములోపల ఎగ్జిఫ్ అను ఒక చిన్న చీటీని వ్రాసిపెట్టును. అందు తీసిన దినము, గడియ, కొన్నిచో స్థలము కూడ నుండును. వాట్సాపులో మామూలుగా పంపిన పటమునకు ఈ చీటీ పోవును. పటము పరిమాణమును తగ్గును. ఆండ్రాయిడు ఫోనులో వాట్సాపు పెట్టు పేరులోని తేదీ పటము చేరిన దినమునకే గుర్తుగాని తీసిన దినమునకు కాదు. అమెరికాలో నున్న అన్నయ్య అచ్చట సాయంకాలము తీసి వెంటనే పంపిన పటము ఇచ్చటికి మఱునాటి తేదీతో చేరును. కావున తేదీ తెలియని పటములను ఊహించి వరుసలో చేర్పక, వేఱొక ఫోల్డరులో నుంచి పెద్దల నడుగవలెను.

నాలుగవది: ఒకే పటము పదిచోట్ల నుండుటచేత స్థలము నిండును. ఇందుకు షా-256 అను గణితవిధానము కలదు. అది ప్రతి ఫైలునకు 64 అక్షరముల ముద్రను తయారుచేయును. రెండు ఫైలులలోని సమాచారమంతయు ఒకటియైనచో ముద్రయు ఒకటియే. పేరు వేఱైనను పట్టువడును. కాని అసలు పటమును, వాట్సాపులో వచ్చిన దాని చిన్న ప్రతియు కంటికి ఒకటిగా తోచినను ముద్రలు వేఱుగా నుండును. వీనిని మనిషియే చూచి పెద్దదానిని నిలుపుకొనవలెను. నకళ్లను వెంటనే చెఱుపక ఒక ఫోల్డరులోనికి తరలించి, నెలదినములు గడచిన పిమ్మట తీసివేయుట మేలు.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: పటములో ఎవరున్నారో వ్రాసియుంచవలెను. యంత్రము తేదీ చెప్పగలదు. “ఈమె మీ ముత్తవ్వ, ఈ యిల్లు మన పాత యిల్లు” అని చెప్పలేదు. ఈ వివరములను తెలుగులోనే ఒక పట్టికగా వ్రాయుడు. ఎక్సెల్ తెఱచినప్పుడు తెలుగక్షరములకు బదులు పిచ్చి గీతలు కనబడినచో భయపడనక్కఱలేదు. పైథానులో ఫైలు వ్రాయునప్పుడు యు.టి.ఎఫ్.-8-సిగ్ అను సంకేత పద్ధతిని పేర్కొన్నయెడల అక్షరములు సరిగా నిలుచును. ఏ పద్ధతియు పేర్కొనకుండుటయే ఆ చిక్కునకు తఱచు కారణము.

ఆఱవది: మూడు ప్రతులుంచవలెను, రెండు వేఱు వేఱు సాధనములలో నుంచవలెను, ఒకటి ఇంటికి వెలుపల నుండవలెను. పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ఈ సూత్రమును ప్రచారములోనికి తెచ్చెను. 2020 వరద దినములలో కంప్యూటరును, దాని ప్రక్కనే యున్న హార్డు డిస్కును ఒకే నీట మునిగిన యిండ్లవారికి మూడవ మాట విలువ తెలియును. గూగుల్ ఫొటోసులో అపరిమితముగా ఉచిత స్థలమిచ్చుట 2021 జూను 1తో ఆగిపోయినది. కావున ఎవరో ఉచితముగా దాచుదురని యూరకుండరాదు. వేఱొక పేటలోని మేనమామ యింట ఒక డిస్కు నుంచుట తక్కువ ఖర్చుతో కూడిన యుపాయము.

తల్లిదండ్రులు కొందఱు, “ఈ పనులన్నియు చేయు యాపులు ఉన్నవి గదా, పిల్లల చదువుకాలమును పాడుచేయనేల?” అని యడుగుదురు. యాపులు వాడవచ్చును, మేము కాదనము. ఇటీవల వచ్చిన కృత్రిమ మేధా యంత్రములు అడిగిన మాత్రన ప్రోగ్రామునే వ్రాసి యిచ్చుచున్నవి. మేము వ్రాసిన ఇరువది పంక్తులను అవి యింకను చక్కగా వ్రాసియుండును. కాని 3,412 ఎందుకు 3,187 అయినదని అడుగవలసినవాడు ఇంటివాడే. లెక్క చూచు నలవాటు, నకలు తీయు నలవాటు, చెఱుపుటకు ముందు ఆగు నలవాటు: ఇవి కొనితెచ్చుకొన వీలుకానివి. ఇవియే రేపు బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పరుల లెక్కలను చేతబట్టునప్పుడు మన పిల్లలను కాపాడును. తన యవ్వ పటమును పోగొట్టక కాపాడినవాడు పరుల సొత్తును కాపాడును.

ఒక హెచ్చరిక. పటములోపలి చీటీలో మీ యింటి స్థలమును నమోదైయుండవచ్చును. వాట్సాపులో పటమును డాక్యుమెంటుగా పంపినచో ఆ చీటీయు వెంటపోవును. ఎఱుగనివారికి అట్లు పంపకుడు. స్నేహితుల యింటి పటములను చక్కబెట్టునప్పుడు, అవి వారివేగాని మనవి కావని తలచి, పని ముగియగానే నకలును మన కంప్యూటరునుండి తీసివేయుడు.

ఉపాధ్యాయులకు మా మనవి యిది. ఏటేట ఒక శనివారము దీనికి కేటాయింపుడు. ప్రతి విద్యార్థియు తన యింటినుండి నూఱు పటముల నకలును, వానిని గుఱించి చెప్పగల ఒక పెద్దనో పెద్దమ్మనో వెంటబెట్టుకొని వచ్చుగాక. బాలుడు మీటలు నొక్కును; అవ్వ పేర్లు చెప్పును. కొత్తపేటలో పండ్లమార్కెటు బాటసింగారమునకు తరలిపోకమునుపు ఎట్లుండెనో, 2018లో మెట్రో రాకమునుపు ఈ రాజమార్గము ఎట్లుండెనో మన యిండ్ల ఫోనులలోనే దాగియున్నది. నేడు అది వట్టి బజారు పటము. ఇరువది యేండ్లకు అది చరిత్ర యగును.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో ఒక్క మధ్యాహ్నము మీ తల్లి ప్రక్కన కూర్చుండుడు. మొదట నకలు తీయుడు, పిమ్మట లెక్కింపుడు, ఆ తరువాతనే తక్కిన పని. మాకు పోయిన 19 పటములు తిరిగి రావు. మీ యిండ్లలో అట్టి నష్టము కలుగకుండినయెడల మా యీ వ్రాత సార్థకమైనదని సంతసింతుము.