కసువెత్తే చేతులకు మన రాష్ట్రంలో చోటేది?

ఊరు శుభ్రంగా ఉన్నన్నాళ్ళు ఊడ్చేవాళ్ళు ఎవరి కంటికీ ఆనరు. పొరక కింద పెట్టిన మూడోరోజు నుంచే అందరికీ కనపడతారు. 2023 డిసెంబరు 26న రాష్ట్రంలోని మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు జరిగింది అదే. కర్నూలు కొండారెడ్డి బురుజు మొదలు కడప ఏడురోడ్ల కూడలి దాకా రోజూ తెల్లవారకముందే కసువెత్తే మనుషులు, ఆ పదహారు రోజులూ ఎర్రజెండాలు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుల ముందు కూర్చున్నారు. 2024 జనవరి 10న చర్చలు ముగిసి సమ్మె విరమించారు. నాలుగు రోజులకు పండగ వచ్చింది. వీధులు మళ్ళీ శుభ్రమయ్యాయి. మనం మళ్ళీ వాళ్ళను మరిచిపోయాం.

వాళ్ళు అడిగింది కొత్త కోరిక కాదు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వమన్నారు, పర్మినెంటు చేయమన్నారు. 2019 ఎన్నికలకు ముందు తమకిచ్చిన మాటనే తిరిగి గుర్తుచేశారు. అంతదానికి పోలీసు వ్యానులు ఎక్కవలసి వచ్చింది. పలుచోట్ల ప్రైవేటు మనుషులను తెచ్చి పోలీసు కాపలా మధ్య చెత్త ఎత్తించారు. రోజూ ఎత్తేవాళ్ళకు ఏనాడూ లేని కాపలా, వాళ్ళ పొట్టకొట్టే పనికి మాత్రం వచ్చింది!

ఈ కార్మికుల జీతం చరిత్ర ఒకసారి చూడండి. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. అడక్కుండా పెట్టింది తక్కువ. 2015 జూలైలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపల్ కార్మికులు సమ్మె చేస్తేనే ఇక్కడ 8,300 రూపాయల జీతం 11 వేలకు పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2018 అక్టోబరులో 279 నంబరు జీవోను రద్దు చేయమని మళ్ళీ రోడ్డెక్కారు. మనిషిని కాకుండా పనిని లెక్కగట్టి టెండర్లు పిలిచి, ఊరి పారిశుధ్యాన్ని ముక్కలు ముక్కలుగా కాంట్రాక్టర్లకు అప్పగించే జీవో అది. 2019లో 12 వేల జీతానికి 6 వేల ఆరోగ్య భత్యం కలిపి 18 వేలు చేశారు. మంచిదే. కానీ 2022లో జీతం 15 వేలకు పెంచినట్టు చూపి, ఆరోగ్య భత్యంలో కోతపెట్టబోయారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే. జూలై 11న మళ్ళీ సమ్మె. అప్పుడు గానీ 15 వేలు, 6 వేలు కలిపి 21 వేలు ఇస్తామని ఒప్పుకోలేదు. ఒక్కొక్క వెయ్యి రూపాయల వెనుక ఒక్కొక్క సమ్మె ఉంది.

21 వేలంటే చాలామందికి పెద్ద జీతంలాగే వినపడుతుంది. విడదీసి చూద్దాం. నెలకు ముప్పై రోజులు లెక్కేస్తే రోజుకు ఏడు వందలు. అందులో ప్రావిడెంట్ ఫండు పోతుంది. మిగిలినదాంట్లో ఇంటి బాడుగ, పిల్లల ఫీజులు, మందులు, అప్పుల వడ్డీలు. ఇక ఆ 6 వేల ఆరోగ్య భత్యం ఎందుకిచ్చారు? కుళ్ళిన చెత్తలో, మురుగు కాలవలో, దుమ్ములో పనిచేస్తే ఆరోగ్యం పాడవుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నందుకు ఇచ్చారు. అంటే 21 వేలలో 6 వేలు పని కూలి కాదు, పాడయ్యే ఒంటికి ముందస్తు పరిహారం. దాన్ని తీసేస్తే మిగిలేది 15 వేలు. 2022 పీఆర్సీ ప్రకారం పర్మినెంటు ఉద్యోగుల్లో అట్టడుగు స్కేలు మూలవేతనమే 20 వేలు. దానిపైన కరువు భత్యం, ఇంటద్దె భత్యం, ఏటా ఇంక్రిమెంటు, సెలవులు. ఒకే వీధిలో, ఒకే మేస్త్రీ కింద, ఒకే మస్టరులో నిలబడిన ఇద్దరి మధ్య ఇంత తేడా! ఇద్దరూ ఎత్తేది ఒకే చెత్త.

మరి వీళ్ళకు యజమాని ఎవరు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకప్పుడు కాంట్రాక్టరు అన్నారు. జీతంలో కమీషన్లు పోయేవి, పీఎఫ్ సొమ్ము కట్టకపోయేవాళ్ళు, నెలల తరబడి బకాయిలు పెట్టేవాళ్ళు. 2020 జూలై 3న ఆప్కాస్ పేరుతో ప్రభుత్వమే ఒక కార్పొరేషన్ పెట్టి దళారీ లేకుండా చేశామని చెప్పింది. దళారీ పోయాడన్న మేరకు అది ముందడుగే. కానీ కార్మికుడు మాత్రం అవుట్‌సోర్సింగు కార్మికుడిగానే మిగిలాడు. పని చేయించేది మున్సిపాలిటీ, కాగితం మీద యజమాని వేరొకరు. పర్మినెంటు అడిగితే మీరు మావాళ్ళు కాదంటారు, సమ్మె చేస్తే మాత్రం పని నుంచి తీసేస్తామని వాళ్ళే బెదిరిస్తారు.

కోర్టుకు పోతే న్యాయం దొరుకుతుందిలే అనుకున్నవాళ్ళకు మన నంద్యాలే పాఠం చెప్పింది. నంద్యాల మున్సిపాలిటీలో ఏళ్ళ తరబడి కాంట్రాక్టర్ల కింద పారిశుధ్య పని చేసినవాళ్ళు సమాన వేతనం కోసం పోరాడి హైకోర్టులో గెలిచారు. మున్సిపాలిటీ సుప్రీంకోర్టుకు పోయింది. 2026 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళు పర్మినెంటు ఉద్యోగులతో సమానత్వం కోరలేరన్నది. ప్రభుత్వోద్యోగం ప్రజలందరి ఆస్తి, దానికి పారదర్శకమైన నియామక పద్ధతి ఉండాలన్నది కోర్టు వాదన.

ఆ సూత్రాన్ని మేము కాదనం. కానీ ఆ పద్ధతిలో నియామకాలు జరపవలసింది ఎవరు? ఖాళీ అయిన పోస్టులను నింపకుండా, కాంట్రాక్టరును మధ్యలో నిలబెట్టింది ప్రభుత్వమా, పొరక పట్టిన మనిషా? ప్రభుత్వం చేసిన తప్పుకు కార్మికురాలు జీవితాంతం జరిమానా కడుతోంది. ఇదే సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న జగ్‌జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్నది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన ఆడవాళ్ళను రెగ్యులరైజ్ చేయమన్నది. అవుట్‌సోర్సింగును అడ్డం పెట్టుకుని బాధ్యత తప్పించుకునే తీరును అందులో తప్పుపట్టింది కూడా. అంటే దారి మూసుకుపోలేదు. అయితే కాంట్రాక్టరు అనే గోడ మధ్యలో ఉన్నంతకాలం కోర్టు మెట్లు ఎక్కినా దిగినా ఫలితం చెప్పలేం. ఆ గోడను కట్టింది రాజకీయ నిర్ణయం, కూలగొట్టవలసిందీ రాజకీయ నిర్ణయమే.

చట్టం కూడా తోడొచ్చేలా లేదు. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. సంస్థ చేసే ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని అందులో రాసుకున్నారు. వెంటనే కంత పెట్టారు. ఊడ్చడం, కడగడం, చెత్త ఎత్తడం అనేవి ఆ పని కోసమే ఏర్పడని సంస్థల్లో ముఖ్యమైన పనులు కావట! ఆ లెక్కన కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఆపరేషన్ థియేటరు కడగడం ముఖ్యమైన పని కాదు. కడక్కుండా డాక్టరు ఆపరేషన్ చేస్తాడా?

మున్సిపాలిటీ సంగతి వేరు. రాజ్యాంగం 12వ షెడ్యూలులోనే ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ మున్సిపాలిటీల విధుల్లో ఉన్నాయి. ఊడ్చడం మున్సిపాలిటీకి ముఖ్యమైన పని కాకపోతే ఇంకేది ముఖ్యమైనది? కానీ మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే చేయిస్తున్న పనికి నిషేధం వర్తించదని అదే కోడ్‌లో ఇంకో కంత ఉంది. ఏళ్ళ తరబడి చేసిన తప్పే రేపు తప్పించుకోవడానికి సాకు అవుతుందన్న మాట.

మున్సిపాలిటీల దగ్గర డబ్బుల్లేవంటారు. నిజమే, సీమ మున్సిపాలిటీలు బీదవి. వానల్లేని నేల, ఫ్యాక్టరీలు అంతంతమాత్రం, పన్నులు వసూలయ్యేది తక్కువ. అయితే ఈ మాట మనకు కొత్త కాదు. మీరు వెనుకబడినవాళ్ళు కాబట్టి మీకు తక్కువే అన్న తర్కాన్ని డెబ్బై ఏళ్ళుగా వింటున్నాం. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. నీళ్ళలో మొదటి హక్కు అన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని ఇచ్చి 1956లో తీసుకుపోయారు. మాట ఇచ్చి తప్పినవాళ్ళను మనం నిలదీస్తున్నాం. అదే నోటితో, కార్మికులకు ఇచ్చిన మాట తప్పితే ఊరుకుందామా? సీమకు జరిగింది అన్యాయమైతే, సీమలో కసువెత్తే దళిత మహిళకు జరిగేదీ అన్యాయమే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఇళ్ళల్లో, వీధుల్లో పేరుకున్న బురదను ఎత్తిందెవరు? 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, మనమంతా తలుపులు వేసుకుంటే రెడ్‌జోన్ వీధుల్లో బ్లీచింగ్ చల్లిందెవరు? ఆ ఏడు నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధులు మునిగితే కాలవలు తీసిందెవరు? చప్పట్లు కొట్టాం, పూలు చల్లాం, కాళ్ళు కడిగి ఫొటోలు దిగాం. పూలు పప్పులోకి పనికొస్తాయా?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ అన్యాయంపై మీరు చలో విజయవాడ అంటే బెజవాడ రోడ్లు పట్టలేదు. చేతికొచ్చే జీతంలో కోత పడితే ఎట్లుంటుందో మీకు తెలుసు. మీ ఆఫీసు మెట్లు ఊడ్చే ఆయమ్మకు ఆ కోత పుట్టినప్పటి నుంచీ ఉంది. విద్యార్థి మిత్రులారా, ఇది ఊడ్చేవాళ్ళ గొడవే కదా అనుకోవద్దు. డిగ్రీ చేతపట్టుకుని మీరు ఎదురుచూస్తున్న కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగమూ అవుట్‌సోర్సింగే. ఈరోజు పొరకకు పట్టిన గతి రేపు కీబోర్డుకూ పడుతుంది.

ఇక ఉద్యమానికి చెప్పవలసిన మాట. తెలంగాణ మన కళ్ళముందే ఉంది. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికుడు బొగ్గు ఆపాడు, ఆర్టీసీ కార్మికుడు బస్సు ఆపాడు. 2014లో రాష్ట్రం వచ్చింది. ఏడాది దాటగానే 2015 జూలైలో హైదరాబాద్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేస్తే, జీతం పెంచుతూనే పనిలోకి రానివాళ్ళను తొలగించారు. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, వాళ్ళు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రే ప్రకటించారు. 52 రోజుల తర్వాత గానీ కథ కొలిక్కి రాలేదు. ఎవరి సమ్మెతో రాష్ట్రం వచ్చిందో వాళ్ళ సమ్మెనే ఆ రాష్ట్రం నేరమన్నది. రాష్ట్రం రావడం తప్పని మేము అనడం లేదు. రాష్ట్రం వస్తే అన్నీ వాటంతటవే వస్తాయన్న భ్రమ తప్పంటున్నాం. ముందుగా రాసుకోని హామీని తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అందుకే ఇప్పుడే రాసుకుందాం. సీమ ఉద్యమం తన డిమాండ్ల పత్రంలో నీళ్ళ పక్కనే, హైకోర్టు పక్కనే ఈ నాలుగు మాటలు చేర్చాలి. పారిశుధ్యం, మంచినీళ్ళు, ఆసుపత్రి శుభ్రత వంటి ఏడాది పొడవునా ఉండే పనుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు ఉండకూడదు. ఆ పోస్టులను మంజూరు చేసి బహిరంగ నోటిఫికేషన్‌తో నింపాలి, అందులో ఇప్పటికే పనిచేస్తున్నవారి సర్వీసుకు తగిన మార్కులు, వయసు సడలింపు ఇవ్వాలి. అప్పుడు సుప్రీంకోర్టు అడిగిన పారదర్శకత ఉంటుంది, కార్మికురాలికి న్యాయమూ ఉంటుంది. అది జరిగేదాకా పర్మినెంటువాళ్ళ కనీస స్కేలు ఇవ్వాలి, ఆరోగ్య భత్యాన్ని జీతంలో భాగంగా చూపి మోసం చేయకూడదు. మురుగు గుంతలోకి మనిషిని దించడం ఆపాలి. ఆ గుంతలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మనం అడగవలసింది శవానికి వెల కాదు, బతికున్న మనిషికి యంత్రం.

మళ్ళీ సమ్మె శిబిరం వేసిననాడు, కర్నూలులో గానీ కడపలో గానీ ఆదోనిలో గానీ ప్రొద్దుటూరులో గానీ, మన బ్యానరు ఆ షామియానా కింద ఉండాలి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, వాళ్ళతోపాటు కూర్చోవడానికి. సీమ మనదని చెప్పుకునే హక్కు, సీమను రోజూ శుభ్రం చేసేవాళ్ళకే అందరికన్నా ముందుంది.