డాలరు కీలోనే రూపాయి

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. 2010లో మా ఊరి హైస్కూలు లైబ్రరీకి ఇక్కడి తెలుగు కుటుంబాలవాళ్ళం చందాలు వేసుకుని డబ్బు పంపాం. లెక్కల కాగితం టైపు చేసింది నేనే. రూపాయి కొత్త గుర్తును కేంద్ర ప్రభుత్వం ప్రకటించి (ఆ ఏడాది జూలై 15న) అప్పటికి రెండు నెలలు. ఉదయకుమార్ గారు గీసిన ఆ ₹ లో దేవనాగరి ర, ఇంగ్లీషు ఆర్ రెండూ కనిపిస్తాయి. మన డబ్బుకీ ఒక గుర్తు వచ్చిందని పొంగిపోయి, నెట్‌లో దొరికిన ఒక ఫాంటు దించుకుని ప్రతి అంకె ముందూ పెట్టాను.

నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా కనిపించింది. కానీ ఆ ఫాంటు చేసేది కనికట్టు. ట్యాబ్ కీ పైన ఉండే చిన్న ఏటవాలు గీత బదులు ₹ బొమ్మ చూపిస్తుంది, అంతే. ఫాంటు లేనిచోట మళ్ళీ గీతే. మిత్రుడొకాయన సాయం చేద్దామని ఆ గీతలన్నీ డాలర్లు చేసి ప్రింటుకిచ్చారు. మేం పంపింది 45,000 రూపాయలు, అప్పటి మారకంలో ఇంచుమించు వెయ్యి డాలర్లు. కాగితం మీద 45,000 డాలర్లు! "మిగతా డబ్బేదండీ?" అని ఒక పెద్దాయన నలుగురిలో అడిగితే నాకు నోట మాట రాలేదు. పేపరుకో ఫాంటు దించుకుని తెలుగు వార్తలు చదివిన తరం వాణ్ణి, నాకైనా తెలియాలి కదా!

ఇప్పుడు ఆ సాకు లేదు. 2010 అక్టోబరులోనే యూనికోడ్ ఈ గుర్తుకు 8377 అనే సొంత సంఖ్య ఇచ్చింది. విండోస్‌లో ఇండియా ఇంగ్లీషు కీబోర్డు చేర్చుకుంటే కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే చాలు. షిఫ్ట్‌తో డాలరు వచ్చేదీ ఆ కీలోనే! వర్డ్‌లో అయితే ఆల్ట్ పట్టుకుని పక్కనున్న అంకెల కీలతో 8377 కొట్టవచ్చు (అవి లేని లాప్‌టాప్‌లతో ఈ పని కాదు). మాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ కలిపి నొక్కి రూపాయి అని ఇంగ్లీషులో వెతకాలి. కొన్ని ఫోన్లలో డాలరు గుర్తు మీద వేలు కాసేపు ఉంచితే పక్కన కనిపిస్తుంది. ఇది పిల్లలే మనకు చూపిస్తారు.

అందుకే నా అభిప్రాయం, మన బడిలో అంకెల పాఠంతో పాటు దీన్నీ నేర్పాలి. "తెలుగులో రూ. ఉండగా ఇదెందుకు?" అని కొందరు టీచర్లు అడిగారు. నిజమే, తెలుగు వాక్యంలో నేనూ రూ. అనే రాస్తాను. అది మనది, పోగొట్టుకోకూడదు. నా పేచీ లెక్కల్లో ఇంగ్లీషులో ఆర్, ఎస్ అని రాసి వదిలేయడంతోనే. పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ డబ్బూ రూపాయే. మారిషస్‌లో మన తెలుగువాళ్ళు ఖర్చు పెట్టేదీ రూపాయే. వాళ్ళూ ఆ రెండక్షరాలే రాస్తారు. ₹ అంటే మాత్రం ఇండియా రూపాయి ఒక్కటే.

క్రిందటి నెల మా అమ్మాయి హోంవర్కుకి కూరగాయల కొట్టు బిల్లు తయారు చేసింది. వంకాయలు కిలో ₹40 అట. ఆ ధరకు ఎక్కడ దొరుకుతాయో వాళ్ళ అమ్మమ్మ అడుగుతోంది!

ఇక ఆ పాత కాగితం నేను ఇంతవరకూ సరిదిద్దలేదు. ఇప్పుడు దిద్దుతున్నాను. లైబ్రరీకి పంపిన మొత్తం: ₹45,000.