నేల సంగతి అడగరేం?

జాతీయ అంతరిక్ష దినోత్సవమని ఈ వారం కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో ఒక బడిలో క్విజ్ పెట్టారు. చంద్రయాన్-3 దిగిందెప్పుడు, ఖర్చెంత, దిగిన చోటికి పెట్టిన పేరేంటి? 2023 ఆగస్టు 23, 615 కోట్లు, శివశక్తి అని పిల్లలు టకటకా చెప్పేశారు. చప్పట్లు. ఆ నేల ఎట్లాంటిదని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది దాదాపు 160 కిలోమీటర్ల వెడల్పున్న పురాతన బిలంలో. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు 2024లో బయటపెట్టిన సంగతి ఇది. ఒక అంచు ఎల్లారెడ్డిలో ఉందనుకుంటే, హైదరాబాద్ దాటిపోయినా రెండో అంచు తగలదు. అంత బిలం కంటికెందుకు ఆనదంటే, దక్షిణ ధ్రువం పక్కన 2,500 కిలోమీటర్ల ఐట్‌కెన్ మహాబిలం పుట్టినప్పుడు ఎగిరిపడ్డ రాయీ దుమ్మూ దీన్ని దాదాపు 1,400 మీటర్ల మందాన కప్పేశాయి. ఆ తర్వాత కూడా చిన్నాపెద్దా దెబ్బలు తింటూనే ఉంది. పూడిపోయిన చెరువుకు కట్ట ఆనవాలు మిగిలినట్టు అంచు వంపు మాత్రం మిగిలింది. అక్కడ వానా లేదు, గాలీ లేదు. ఒక బిలాన్ని చెరిపేది ఎక్కువగా ఇంకో దెబ్బే.

విక్రమ్‌లోంచి దిగిన రోవర్ ప్రజ్ఞాన్ నడిచింది 103 మీటర్లే. అందులోనే 23 చోట్ల మట్టిని పరీక్షించింది. తేలింది ఎక్కువగా అనార్థోసైట్ జాతి. చంద్రుడి పైభాగమంతా సలసలా కాగే శిలాద్రవంగా ఉన్న కాలంలో తేలికై పైకి తేలి గట్టిపడ్డ రాయి అది. పున్నమినాడు మనకు తెల్లగా మెరిసే మెట్టలన్నీ ప్రధానంగా దానివే. ఇంత కథ ఉంటే క్విజ్‌లో ఖర్చు లెక్కా!

రాళ్లంటే మనకు లెక్కలేదు, అదీ అసలు జబ్బు. కామారెడ్డి చుట్టూ ఉన్న గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండా వానా కలిసి పొర పొరగా అరగదీస్తే మిగిలిన గుట్టలవి. ఆ అరుగుదలలో వచ్చిందే మనం తవ్వుకుపోయే మొరం. జేసీబీ దిగితే ఒక్క ఎండాకాలంలో సగం గుట్ట మాయం. పర్మిషన్ రోడ్డు పనికి, పోసేది వెంచర్లో. రాత్రి టిప్పర్ల మోతకు నిద్రపట్టని ఊళ్లకు ఇది కొత్తేమీ కాదు.

వచ్చే ఏడాది క్విజ్‌కు ఒక ప్రశ్న నేనే రాసిస్తా: మీ ఊరి గుట్ట మీద మొరానికి పర్మిషన్ ఇచ్చింది ఎన్ని ట్రిప్పులకు, తోలింది ఎన్ని? జవాబు పిల్లలు చెప్పనక్కర్లేదు, మైకు పట్టుకున్న పెద్దలు చెబితే చాలు.