రెండు ఫారముల నడుమ కబురు



మావారు బోధించు పాఠశాలలో రుసుముల లెక్కను కొంతకాలముగా నేనే వ్రాయుచున్నాను. రసీదుపుస్తకము మాయింటికి వచ్చును. మధ్యాహ్నము వంటిల్లు సర్దిన పిదప కంప్యూటరు ముందు కూర్చుండి పద్దులెక్కించుదును. ఇందులకై మైక్రోసాఫ్టువారు 1992లో వెలువరించిన ఆక్సెసునందు రెండు ఫారములు కట్టుకొంటిని. మొదటిది పిల్లల వివరములది, రెండవది వారు చెల్లించిన సొమ్ముది. మొదటిదానిలో పిల్లను వెదకి మీట నొక్కినచో రెండవది తెఱచుకొని, ఆ పిల్ల సంఖ్యను తానే నింపుకొనవలెను.

క్రిందటి మాసమున ఒక బాలిక తల్లి మా గుమ్మమున నిలిచి కన్నీరు పెట్టుకొన్నది. కూలిడబ్బులు కూడబెట్టి కట్టిన రుసుము లెక్కలోనికి రాలేదట. అందఱియెదుట పిల్లను నిలువబెట్టి యడిగిరట. రసీదు ఆమె కొంగున ముడివేసి యున్నది. "అమ్మగారూ, నేనబద్ధం చెప్పేదాన్ని కానండీ" అన్నది. వెదకి చూడగా ఆ సొమ్ము, అంతకు ముందు నేను చూచిన మఱియొక పిల్ల పేర జమపడి యుండెను. ఆ పద్దు వ్రాసినది నేనే.

ఇది యెట్లు జరిగెనో వినుడు. ఒక ఫారమునుండి వేఱొకదానిని తెఱచునపుడు ఓపెన్ఆర్గ్స్ అను చోట ఒక మాటను మూటగట్టి పంపవచ్చును. రెండవ ఫారము తెఱచుకొను వేళ, లోడ్ అను ఘట్టమున, ఆ మూట విప్పి అందలి సంఖ్యను క్రొత్త పద్దులన్నిటికి నింపునట్లు నేను వ్రాసియుంటిని. ఆనాడు మొదటి పిల్ల పద్దు ముగించి, ఆ ఫారమును మూయకయే ఈ బాలికకై మరల మీట నొక్కితిని. ఫారము ముందునకు వచ్చినదే గాని, అది వఱకే తెఱచియున్నది గాన లోడ్ ఘట్టము మరల జరుగలేదు. మూట విప్పు వారెవరు? పాత సంఖ్యయే నిలిచినది. నేను కన్నెత్తి చూడనైతిని.

ఇప్పుడు రెండవ ఫారమును డైలాగు విధమున తెఱచుచున్నాను. దానిని మూయువఱకు మొదటిదానిని ముట్టుకొనుటకు వీలుండదు. నావంటి తొందరపాటు మనిషికి అదియే తగిన కళ్లెము. అట్లు వలదను వారు, తెఱచుటకు ముందు పాతదానిని మూయించు పంక్తి యొకటి వ్రాసికొనవచ్చును.

పంపవలసినది సంఖ్య మాత్రమే. ఒకే పేరుగల పిల్లలు ప్రతి బడిలోను ఉందురు. హనుమంతుడు సీతాదేవికడకు ఉంగరమును గొనిపోయెను గాని రాముని ఐశ్వర్యమంతయు మోసికొని పోలేదు గదా! గుర్తు చేరినచో తక్కినది రెండవ ఫారమే పట్టికనుండి తెచ్చుకొనును. అట్లు తెచ్చిన పేరును పెద్ద అక్షరములతో పైన కనబడునట్లు చేసితిని. ఈ పని మొదటనే చేసియుండవలసినది.

క్రొత్తగా చేరిన పిల్ల విషయమున ఇంకొక చిక్కు కలదు. వివరములు వ్రాసి భద్రపఱచకయే మీట నొక్కితిమా, ఆ పిల్ల యింకను పట్టికలో లేదు. రెండవ ఫారము ఎవరిని వెదకును? మీటకు ముడిపెట్టిన వ్రాతలో మొదటనే ‘మి.డర్టీ = ఫాల్స్’ అను పంక్తి యుంచినచో ఆ వివరములు ముందుగా పట్టిక చేరును. రెండవ ఫారమును నేరుగా తెఱచిననాడు ఓపెన్ఆర్గ్స్‌లో ఏమియు నుండదు గాన, అదియు చూచుకొని మఱి చదువవలెను.

టెంప్‌వార్స్ అను అర యొకటి 2007 నాటి కూర్పుతో వచ్చినది. అందుంచిన సంఖ్యను మనము తీసివేయనిచో ఆక్సెసును మూయువఱకు అట్లే యుండును. పాత సంఖ్యచేతనే దెబ్బతిన్నదానను గాన నే నా జోలికి పోలేదు.

లెక్క సరిచేసిన మఱునాడు మావారు తరగతికి పోయి, పొరపాటు తమ యింటిదేనని అందఱు వినునట్లు ఆ పిల్లతో చెప్పిరి. ఇక మొదటి పిల్ల తండ్రికి కబురంపవలసి యున్నది. తన బాకీ తీరినదని ఆయన సంతోషముతో నున్నాడట.