వచ్చే నీరూ, పోయే నీరూ

బంకమన్ను ఉత్త పిసినారి. చేతికందినదాన్ని ఓ పట్టాన జారనివ్వదు. గుడివాడ రైతుకు ఆ పిసినారితనమే పెట్టుబడి. దమ్ము చేసి నాట్లు వేశాక, కాలువ నీరు పాతాళానికి ఇంకిపోకుండా పైరు మొదళ్ల దగ్గరే నిలుస్తుంది. కోతకు ముందు వరిచేలో చల్లిన మినుములు, ఆ మట్టి దాచుకున్న చెమ్మతోనే కాపుకు వస్తాయి.

కారణం చిన్నదే. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకన్న చిన్నది. రేణువుల నడిమి సందులూ అంత సన్నం. వేసవిలో ఈ నేల నెర్రెలు విచ్చుతుంది. తొలివానను గటగట తాగి, ఉబ్బి, నెర్రెలు మూసుకుంటుంది. ఆ తరువాత చుక్క దిగాలన్నా గగనమే.

సముద్రం దగ్గరపడేకొద్దీ ఈ గుణమే గుదిబండ అవుతుంది. బందరు చుట్టుపట్ల, దివిసీమలో చవుడు తేలిన చేలున్నాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సముద్రాన్నే తెచ్చి దివిసీమ పొలాలమీద పరిచింది. ఆ సీమ రైతు ఒకాయన నన్నడిగారు: "మంచినీళ్లు పెట్టి కడిగితే చవుడు పోవాలి గదండీ! చేను మరీ బిగుసుకుపోతుందేం?"

న్యాయమైన ప్రశ్న. ఉప్పునీరు ఉన్నంతసేపూ బంక రేణువులు గుంపులు కట్టి ఉంటాయి, నడుమ సందులుంటాయి. మంచినీరు ఆ ఉప్పును పలచన చేయగానే, రేణువులను అంటిపెట్టుకున్న సోడియం వాటిని విడదీస్తుంది. విడిపోయినవి సందుల్లో దూరి బిరడాలవుతాయి. ఇక పైనీరు పైనే, కింది ఉప్పు కిందే. ఎండలు ముదిరాక ఆ ఉప్పు చెమ్మతోపాటు పైకి పాకి తెల్లగా పేరుకుంటుంది.

అందుకే, మట్టి పరీక్షలో సోడియం ఎక్కువని తేలితే ముందు జిప్సం వేయమంటారు. అందులోని కాల్షియం సోడియాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది. రేణువులు మళ్లీ జట్టు కడతాయి. ఆపైన మంచినీరు పెట్టాలి. అప్పటికీ పని సగమే. కదిలిన ఉప్పు వెళ్లిపోవడానికి మురుగు బోదె కావాలి. అది చేనుకన్న పల్లంగా, పూడిక లేకుండా ఉండాలి.

పంటకాలువకు నీళ్లు రాకపోతే ఊరంతా లేస్తాం. మురుగుకాలువ పూడిపోతే ఎవరికీ పట్టదు. నేననేది ఒక్కటే: డెల్టాలో పైరుకు వచ్చే నీరు ఎంతో, పోయే నీరూ అంతే.